కడుపుకి రెండో చివర

ఎన్.ఏ.డి. జంక్షన్ నుంచి గాజువాక మీదుగా కూర్మన్నపాలెం దాకా సిటీ బస్సులో వెళ్తే, ప్రహరీ గోడల మీద, కరెంటు స్తంభాల మీద ఒకే రచన మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. మొలలు, ఫిషర్, ఫిస్టులా. ఆపరేషన్ లేకుండా. కింద ఒక ఫోన్ నంబరు. మలద్వారం గురించీ, అక్కడ పడే రక్తం గురించీ తెలుగులో నదురూ బెదురూ లేకుండా, పబ్లిగ్గా రాసిన వాక్యాలు నేను చదివినంతలో ఇవే.

ఈ గోడ రచనల్ని ఎగతాళి చేయడం తేలిక. కానీ రక్తం పడుతున్న మనిషి మొదట చదివేది వీటినే. "వేడి చేసిందిలే, మజ్జిగ తాగు" అనే ఇంటి మాటకీ, ఆ ఫోన్ నంబరుకీ మధ్య ఆ మనిషి చేతికందే ఇంకో తెలుగు వాక్యం ఉండదు. ఆ ఖాళీలో నెలలు గడిచిపోతాయి. కొందరికి ఏళ్ళు. సాహిత్యానికి దీంతో ఏం పని అని అడగొచ్చు. సాహిత్యం వైద్యం చేయదు, నిజమే. కానీ ఏది నోటితో చెప్పొచ్చో, ఏది చెప్పకూడదో ఒక భాషకి నేర్పే వాటిలో సాహిత్యం ఒకటి. ఈ విషయంలో అది ఏం నేర్పింది?

అల్సరేటివ్ కొలైటిస్ ఎక్కువగా చదువుకునే, ఉద్యోగాల్లో చేరే వయసులో మొదలవుతుంది. కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పెద్దపేగు లోపలి పొర మీద తిరగబడుతుంది. పురీషనాళం దగ్గర మొదలై పైకి పాకుతుంది. పుళ్ళు, రక్తం, జిగట, రాత్రీ పగలూ పరుగులు. చాలామందికి మందులతో అదుపులో ఉంటుంది. లొంగకపోతే పెద్దపేగు తీసేస్తారు. చిన్నపేగు చివరని పొట్ట మీదికి తెచ్చి, చొక్కా చేతుల అంచు మడిచినట్టు మడిచి కుడతారు. దాన్ని స్టోమా అంటారు. దాని మీద ఒక సంచి అతికిస్తారు. వీలైనవాళ్ళకి తర్వాతి ఆపరేషన్లలో చిన్నపేగుతోనే, ఇంగ్లీషు జె అక్షరం ఆకారంలో లోపల ఒక తిత్తి కుట్టి, పాత దారిని మళ్ళీ తెరుస్తారు. ఈ దారిలో నేను కొంత దూరం వచ్చాను. మర్రిపాలెంలో మా ఇంట్లో, మంచం మీద, ఎక్కువగా పుస్తకాలతో. ఈ వ్యాసం ఆ చదువు గురించి.

*

ముందు మాటల సంగతి.

తెలుగులో ఈ పనికి ఉన్న మర్యాద మాటల్లో చాలావరకు చోటు పేర్లు. దొడ్డికి వెళ్ళడం. బయటికి వెళ్ళడం. చెరువుగట్టుకి వెళ్ళడం. కాస్త చదువుకున్నవాళ్ళయితే బహిర్భూమికి. ఇప్పుడు బాత్రూంకి, వాష్‌రూంకి. చేసే పనికి పేరు పెట్టకుండా, మనిషి నడిచి వెళ్ళిన దిక్కు చూపించి ఊరుకుంటుంది భాష. మర్యాదంతా "వెళ్ళడం" అనే ఒక్క క్రియ మీద నిలబడి ఉంది. ఇల్లు ఒక చోటు, దొడ్డి ఇంకో చోటు. మధ్యలో కొంత దూరం. ఆ దూరమే సభ్యత.

స్టోమా ఉన్న మనిషి ఎక్కడికీ వెళ్ళదు. అన్నం తింటున్నప్పుడు, బస్సులో నిలబడ్డప్పుడు, ఆఫీసులో ఎవరో సీరియస్‌గా మాట్లాడుతున్నప్పుడు, బొడ్డుకి నాలుగు వేళ్ళ దూరంలో ఆ పని దానంతటది జరిగిపోతుంది. ఆపుకోడానికి అక్కడ కండరం లేదు. దొడ్డి ఇంటి ముందుకొచ్చి కూర్చుంది. అప్పటిదాకా ఆదుకున్న క్రియ ఒక్కసారిగా పనికిరాకుండా పోతుంది. కొత్త క్రియలు కావాలి. నిండింది. ఉబ్బింది. బరువెక్కింది. అంచు లేచింది. కారింది. ఖాళీ చేశాను. ఇవన్నీ బిందెలకీ ట్యాంకులకీ వాడే మాటలు. మనిషికి వాడటం అలవాటు కావడానికి నాకు చాలా రోజులు పట్టింది.

పోనీ చోటు పేరు వదిలేసి అసలు పేరు పెట్టి పిలుద్దామంటే నాలుగు మాటలున్నాయి. పసిపిల్లలకి చెప్పే "ఆయి". తిట్టడానికి వాడే "పియ్యి". పుస్తకాల్లో "మలం". వార్డులో "మోషన్". ఉయ్యాల, తగాదా, వైద్యగ్రంథం, ఆసుపత్రి. ఒక పెద్ద మనిషి, సిగ్గూ కోపం లేకుండా, తన గురించి తను మామూలుగా చెప్పుకోడానికి ఐదో మాట లేదు. మాట లేకపోవడం చిన్న విషయం అనుకుంటాం. డాక్టరు ముందు కూర్చుని "ఎలా వస్తోంది?" అన్న ప్రశ్నకి జవాబు వెతుక్కునేదాకా.

పేగుల ఆపరేషన్ తర్వాత వార్డులో అందరూ ఎదురుచూసేది ఒక్క వార్త కోసం. గ్యాస్ వెళ్ళిందా? మత్తుకి నిద్రపోయిన పేగులు మళ్ళీ లేచాయని చెప్పేది అదే. నా విషయంలో అది సంచి ఉబ్బడం రూపంలో వచ్చింది. జీవితమంతా ఆ ప్రస్తావన వస్తే మొహం తిప్పుకున్న మా నాన్నగారు, కారిడార్‌లోకి వెళ్ళి ముగ్గురికి ఫోన్ చేసి ఆ శుభవార్త చెప్పారు. మూడుసార్లూ "అదే... అదే... అయ్యింది" అన్నారు. కర్త లేదు, కర్మ లేదు.

*

చిత్రమేమిటంటే తెలుగుకి పేగంటే అసహ్యం లేదు, మహా ప్రేమ. పేగుబంధం, కన్నపేగు, పేగు తెంచుకు పుట్టడం, కడుపుతీపి, కడుపుకోత, కడుపులో పెట్టుకుని చూసుకోవడం. ఎవరైనా మన లోపలి సంగతంతా పసిగట్టేస్తే పేగులు లెక్కపెట్టేశారంటాం. ప్రేమ, దుఃఖం, క్షమ, రహస్యం, అన్నీ అక్కడే కాపురం ఉన్నాయి. గుండె ఆ తర్వాతే.

కానీ ఈ పేగు ఏ పేగు? బొడ్డుపేగు. ఈ కడుపు ఏ కడుపు? గర్భం. అన్నం అరిగే కొట్టం పేరు, బిడ్డ పెరిగే గది పేరు ఒకటే కావడం వల్ల, ఆడమనిషి కడుపు గురించి మాట్లాడగానే వినేవాళ్ళ చెవి రెండో అర్థం మీదికే పోతుంది. మా అమ్మ ఫోన్‌లో "అమ్మాయికి కడుపాపరేషన్ వదినా" అంది. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత మా శ్రీకాకుళం అత్తయ్య గొంతు గదంతా వినిపించింది:

"అదేటి వదినా, పెళ్ళి కాని పిల్లకి కడుపాపరేషనేటి?"

అమ్మ తడబడి "గడ్డ" అంది. అది ఇంకా ప్రమాదమని తోచి, తర్వాతి ఫోన్‌కి "అపెండిసైటిస్" అంది. ఆ జబ్బు పెద్దమనిషి. దానికి తెలుగులో "24 గంటల కడుపునొప్పి" అని పరువైన పేరు కూడా ఉంది. మూడు రోజుల్లో నాకు మూడు జబ్బులొచ్చి, మూడూ నయమయ్యాయి. అసలుది ఎవరికీ తెలీదు.

ఆ అబద్ధాలు నన్ను కాపాడ్డానికే. నా పెళ్ళి, ఉద్యోగం, ఫలానావాళ్ళమ్మాయి అన్న పేరు, అన్నీ అమ్మ లెక్కలో ఉన్నాయి. 2020లో జపాన్ ప్రధాని షింజో అబే ఇదే జబ్బు పేరు చెప్పి, దేశమంతా చూస్తుండగా రాజీనామా చేశాడు. ఆ వార్త మా ఇంట్లోనూ చూశాం. అప్పుడు మా అమ్మ "పాపం, పెద్దాయన" అంది. ప్రధానికి ఉండొచ్చు, పెద్దాయనకి ఉండొచ్చు. పెళ్ళీడు పిల్లకి ఉండకూడదు. అమ్మని తప్పు పట్టలేను. ఆమె దగ్గర ఉన్న భాషలో నా జబ్బుకి రెండే గదులున్నాయి: గర్భం, లేదా గోడ మీద ఫోన్ నంబరు.

*

ఇప్పుడు సాహిత్యం.

కడుపుని తెలుగులో రాజకీయ అవయవంగా మార్చింది అభ్యుదయ సాహిత్యం. శ్రీశ్రీ పుట్టిన ఊళ్ళో ఉండి ఈ మాట చెప్పకపోతే ఎలా? ఆకలిని కర్మ ఖాతాలోంచి తీసి దోపిడీ ఖాతాలో వేసినవాళ్ళు వాళ్ళు. లోపలికి ఏం వెళ్ళాలి, ఎందుకు వెళ్ళడం లేదు, మధ్యలో ఎవరు తినేస్తున్నారు? ఈ ప్రశ్నలతో ఒక శతాబ్దం గడిచింది. గొప్ప ప్రశ్నలే. కాకపోతే ఆ కడుపుకి ఒకటే చివర. అందులోకి ముద్ద వెళ్తుంది, లేదా వెళ్ళదు. ఆ తర్వాత ఏమవుతుందో కవి పట్టించుకోడు. ఆకలి మనిషిని ఉదాత్తం చేస్తుంది. అజీర్తి చేయదు.

జబ్బు విషయంలోనూ ఇంతే. 1926లో వర్జీనియా వుల్ఫ్ జబ్బు మీద రాసిన వ్యాసంలో, ప్రేమకీ యుద్ధానికీ ఉన్న చోటు సాహిత్యంలో జబ్బుకి ఎందుకు లేదని ఆశ్చర్యపోయింది. 1978లో సూసన్ సాంటాగ్ ఇంకాస్త ముందుకెళ్ళి, అన్ని జబ్బులకీ సమాన గౌరవం లేదంది. క్షయ ఊపిరితిత్తులది కాబట్టి ఆత్మకి దగ్గర. క్యాన్సర్ చెప్పుకోడానికి ఇబ్బందైన చోట్లకీ వస్తుంది కాబట్టి సిగ్గు. తెలుగువాళ్ళకి దీన్ని సినిమాలతో చెప్తే సులువు. "దేవదాసు" (1953) దగ్గుతాడు. "ప్రేమాభిషేకం" (1981), "గీతాంజలి" (1989), అన్నీ మృత్యువు నీడలో పాటలు పాడుకునే జబ్బులు. ఆ ప్రేమికుల్లో ఎవరికీ పెద్దపేగు జబ్బు రాదు. వస్తే ఆ పాటలు తీయలేరు. మన కథల్లో గౌరవమైన జబ్బులన్నీ ఛాతీకి పైనే. కింది భాగాన్ని కామెడీ ట్రాక్‌కి ఇచ్చేశాం. ఎవరో ఎవరికో కాఫీలో విరేచనాల మాత్ర కలుపుతారు, హాలంతా నవ్వుతుంది. నాకూ ఆ నవ్వు మీద కోపం లేదు. కానీ ఆ పాత్ర తలుపు తీసుకుని బయటికొచ్చాక ఏమయ్యాడో ఎవరూ రాయలేదు.

అలిశెట్టి ప్రభాకర్ ఇక్కడ వేరు. ఆయన నిజంగానే క్షయతో, 39 ఏళ్ళకి, 1993లో పోయాడు. క్షయ చుట్టూ సినిమా అల్లిన ముసుగు ఆయన బతుకులో కనపడదు. అద్దె, మందులు, చాలని డబ్బు కనపడతాయి. జబ్బుని అలంకారంలోంచి తీసి జీవితంలో పెట్టడం తెలుగులో అసాధ్యం కాదని ఆయన గుర్తు చేస్తాడు.

*

తెలుగులో మలమూత్రాల్ని మొహమాటం లేకుండా ప్రస్తావించిన కవులు లేరా అంటే, ఉన్నారు. వేమన నుంచి పల్లెల్లో తంబూరా మీద పాడే తత్వకారుల దాకా పెద్ద వరసే ఉంది. దేహం తోలుతిత్తి అనీ, దానికి తొమ్మిది తూట్లనీ వాళ్ళకిష్టమైన బొమ్మ. భగవద్గీత ఐదో అధ్యాయంలో దేహం తొమ్మిది ద్వారాల పురం. తత్వాల్లో ఆ పురం కాస్తా కారే సంచి అయింది. చిన్నప్పుడు మా తాతగారి ఊళ్ళో విన్నప్పుడు అది పోలిక. ఇప్పుడు నాకు అక్షరాలా తిత్తి ఉంది. తొమ్మిదికి తోడు పదో తూటు కూడా.

అందుకే ఆశగా అటు వెళ్ళాను. మాటల విషయంలో నిరాశ పడలేదు. వాళ్ళకున్న తెగువ ఆధునిక కవుల్లో లేదు. కానీ ఆ తెగువ దేనికోసమన్నది అసలు ప్రశ్న. తత్వకవి కంపుని చూపించేది దేహం మీద విరక్తి పుట్టడానికి. ఇంత రోత సంచి మీద నీకింత మోజేమిటని గద్దించడానికి. అసహ్యం అక్కడ మందు. ఆ మందు రోగం లేనివాళ్ళ కోసం తయారైంది. తన ఒంటి మీద గర్వంతో తిరిగే మనిషికి అది పనిచేస్తుంది. తన ఒంటిని చూసుకోడానికే భయపడి, బాత్రూం అద్దం మీద తువ్వాలు కప్పుకున్న మనిషికి అదే మందు విషం.

కోలుకోవడం అంటే దేహంలోకి మళ్ళీ ప్రవేశించడం. వైరాగ్యానికి సరిగ్గా ఎదురు దిక్కు. మూడు నాలుగు రోజులకోసారి పాత సంచి ఊడదీసి, చుట్టూ చర్మం గోరువెచ్చని నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, కొత్తది అతికించాలి. ఆ కాసేపు స్టోమాని నేరుగా చూడక తప్పదు. అది పుండులా ఉండదు. బుగ్గ లోపలి రంగులో, తడిగా, ఎర్రగా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి తెలీదు, నొప్పి చెప్పే నరాలు దానికి లేవు. దానంతటది మెల్లగా కదుల్తుంది. నెల తిరిగేసరికి దాన్ని చూస్తే రోత పోయి ఒకరకమైన కుతూహలం వచ్చింది. ఈ కుతూహలానికి మన తత్వాల్లో చోటు లేదు. తిత్తిని తిట్టడానికి కావల్సినన్ని పద్యాలున్నాయి. తిత్తితో కాపురం చేయడానికి ఒక్కటీ కనపడలేదు.

*

నాకు పనికొచ్చిన పుస్తకం జబ్బు గురించి రాసింది కానే కాదు. రావిశాస్త్రి "అల్పజీవి".

1950ల తొలినాళ్ళ నవల. సుబ్బయ్యకి ఏ రోగమూ లేదు. ఆఫీసు గుమాస్తా. భార్యంటే భయం, బావమరిదంటే భయం, పై అధికారంటే భయం, అప్పంటే భయం. విమర్శకులు దీన్ని చైతన్య స్రవంతి పద్ధతికి ఉదాహరణగా, ఆత్మన్యూనతకి అధ్యయనంగా, మధ్యతరగతి పిరికితనం మీద విసురుగా చదివారు. అన్నీ సబబే. నేను చదివింది ఇంకొకటి. సుబ్బయ్య ఆలోచన ఎప్పుడూ ముందుకు నడవదు. ఒక అడుగు వేసి, అవతలివాడి మొహం చూసి, వెనక్కొచ్చి, తన్ను తాను తడుముకుని, మళ్ళీ అడుగు వేస్తుంది. ఎదుటివాడి చూపులో తానెలా కనిపిస్తున్నాడో లెక్క కట్టుకోవడమే అతని పూర్తికాల ఉద్యోగం.

ఆపరేషన్ తర్వాత మొదటిసారి బీచ్ రోడ్డుకి వెళ్ళిన సాయంత్రం నా తల సరిగ్గా అలాగే పనిచేసింది. సంచి ప్లాస్టిక్ చప్పుడు పక్కావిడకి వినిపించిందా? ఆమె ముక్కు తుడుచుకుంది జలుబుకేనా? వదులు కుర్తా కింద ఎత్తుగా కనపడుతోందా? విశాఖ ఉక్కపోతలో జిగురు ఎంతసేపు ఆగుతుంది? కాల్చిన మొక్కజొన్న పొత్తుల వాసన వస్తే నోరూరింది. కానీ ఆ గింజలు స్టోమా దగ్గర అడ్డుపడితే మళ్ళీ ఆసుపత్రే. ఇలాంటి ఆలోచనకి ఒక వాక్యనిర్మాణం ఉందనీ, అది ఇదే ఊళ్ళో బతికిన రచయిత ఎప్పుడో తయారుచేసి పెట్టాడనీ తెలిసినప్పుడు ఊరట కలిగింది. రావిశాస్త్రి సుబ్బయ్యని చూసి నవ్వుతాడు కూడా. ఆ నవ్వు నాకు ఇంకా అవసరమైంది. జాలి పడేవాళ్ళు ఇంట్లో చాలామంది ఉన్నారు.

1954లో డెన్మార్క్‌లో ఎలీస్ సోరెన్‌సెన్ అనే నర్సు, ఒంటికి అతికించి వాడి పారేసే సంచిని ఊహించింది. కారణం ఆమె సోదరి థోరా. స్టోమా పెట్టాక, ఎక్కడ కారుతుందోనన్న భయంతో థోరా నలుగురిలోకి వెళ్ళడం మానేసింది. చదివినప్పుడు నవ్వొచ్చింది. థోరా కూడా సుబ్బయ్యే.

రెండో రచన చాసో "వాయులీనం". ఇది జబ్బు కథ కన్నా జబ్బు తర్వాతి కథ. భార్య బతికి బయటపడుతుంది. ఆమె వాయులీనం అమ్ముడుపోతుంది. మనం సాధారణంగా దీన్ని కళకీ పేదరికానికీ మధ్య కథగా చదువుతాం. మంచం మీద చదివితే ఇంకో లెక్క కనపడింది. కోలుకోవడానికి ఒక ధర ఉంటుంది, అది కొన్నిసార్లు మనిషిలోంచే వసూలవుతుంది, పైగా బతికినందుకు ఆ నష్టం గురించి ఏడ్చే హక్కు కూడా ఉండదు. "ప్రాణం దక్కింది, అదే చాలు" అనేవాళ్ళే చుట్టూ. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అయినా ఏదో పోయింది.

తెలుగులో కోలుకోవడానికి ఇంకో మాట "తేరుకోవడం". అది నీళ్ళ మాట. బురద నీళ్ళు బిందెలో కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగి, పైన తేట నిలుస్తుంది. అందమైన మాటే, కానీ మడ్డి ఎక్కడికీ పోలేదు. చాసో గొప్పతనం ఆ అడుగుని కూడా చూపించడం.

*

ఆసుపత్రి గదిని కవిత్వంలోకి తెచ్చినవాళ్ళు స్త్రీవాదులు. ఓల్గా సంపాదకత్వంలో 1993లో వచ్చిన "నీలిమేఘాలు" ఆ తరం గొంతుల్ని ఒకచోట చేర్చింది. కొండేపూడి నిర్మల "లేబర్ రూమ్", పాటిబండ్ల రజని "అబార్షన్ స్టేట్‌మెంట్" లాంటి కవితల పేర్లే ఆనాటికి చిన్న పేలుళ్ళు. బూతన్నారు, నీలి కవితలన్నారు. వాళ్ళు వెనక్కి తగ్గకపోవడం వల్లే ఇవాళ నాలాంటిది తన ఒంటి గురించి వ్యాసం రాయగలుగుతోంది. అయితే వాళ్ళు తెరిచింది గర్భం వైపు తలుపు. పోరాటం అక్కడుంది కాబట్టి అది సహజం. పక్క గది తలుపు ఇంకా మూసే ఉంది.

ఆ తలుపు దగ్గర ఇంకొకరు ఎప్పట్నుంచో నిలబడి ఉన్నారు. ఆపరేషన్ అయిన మొదటి వారం నా సంచి ఖాళీ చేసింది వార్డులో ఆయమ్మ. నేను మొహం తిప్పుకుంటే "సిగ్గేటమ్మా, నాకిది రోజూ పనే గదా" అంది. నన్ను ఓదార్చడానికే అంది. కానీ ఆ "రోజూ పనే" వెనక పెద్ద చరిత్ర ఉంది. చేత్తో మలం ఎత్తే పనిని నిషేధిస్తూ దేశంలో 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో ఇంకో చట్టం వచ్చాయి. గీతా రామస్వామి "ఇండియా స్టింకింగ్" (2005) ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని ఎవరి చేతుల మీదుగా సాగిందో నమోదు చేసింది. కోలార్ బంగారు గనుల దగ్గర పుట్టిన బెజవాడ విల్సన్, ఈ పని చేసే కుటుంబంలోంచే వచ్చి, సఫాయి కర్మచారి ఆందోళన్‌ని నడిపి, 2016లో మెగసెసే అవార్డు అందుకున్నాడు.

ఇక్కడ ఒక తేలిక పోలిక నోటిదాకా వస్తుంది: నేనూ ఇప్పుడు రోజూ మలం ముట్టుకుంటున్నాను కదా అని. ఆ పోలిక చెల్లదు. నాది నాదే, నా ఇంట్లో, గ్లోవ్స్ వేసుకుని. దాని వల్ల నన్నెవరూ గుమ్మం బయట నిలబెట్టరు. నా సిగ్గు జబ్బుతో వచ్చింది, వాళ్ళ మీద సిగ్గుని రుద్దింది సమాజం. అయినా ఈ రెండిటికీ ఒక సంబంధం ఉంది. కడుపుకి రెండో చివరని భాషలోంచి వెలివేయడం, ఆ పని చేసేవాళ్ళని ఊళ్ళోంచి వెలివేయడం ఒకే అలవాటులోంచి వచ్చాయి. "వెళ్ళడం" అనే మర్యాద నిలబడాలంటే, వెళ్ళొచ్చాక ఎత్తేవాళ్ళు ఎవరో ఉండాలి, వాళ్ళు కనపడకూడదు. రోగి రేపు తన భాష వెతుక్కుంటూ రాయడం మొదలెడితే, ఈ సంగతి తెలిసి రాయాలి. లేకపోతే అది అద్దం ముందు ఏడుపు.

*

ఆసుపత్రి మంచం చివర ఒక చార్టు వేలాడుతుంది. రెండు నిలువు గళ్ళు. ఒకదాంట్లో లోపలికి ఎంత వెళ్ళింది, రెండోదాంట్లో బయటికి ఎంత వచ్చింది. మిల్లీలీటర్లలో. స్టోమా ఉన్నవాళ్ళకి ఆ రెండో గడి ప్రాణం. లీటరున్నర, రెండు లీటర్లు దాటిందంటే ఒంట్లో నీరూ ఉప్పూ కరిగిపోతున్నాయని, వెంటనే చూడాలని. పెద్దపేగు చేసే పనిలో ముఖ్యమైంది ఆ నీటిని, ఉప్పుని వెనక్కి పట్టుకోవడం. అది పోయాక గంజిలో ఉప్పు, ఓఆర్ఎస్, వేళకి తిండి, అన్నీ మనమే లెక్క చూసుకోవాలి.

ఈ ఊరికి ఆ లెక్క కొత్త కాదు. ఉక్కు కర్మాగారంలో మూడో బ్లాస్ట్ ఫర్నేస్ పేరు అన్నపూర్ణ. పైనుంచి ఖనిజం, కోక్, సున్నపురాయి వేస్తారు. కింద నుంచి ఇనుము ఒక దారిన, స్లాగ్ ఒక దారిన వస్తాయి. రెండిటికీ టన్నుల లెక్క ఉంటుంది. స్లాగ్ సిమెంటుకి పోతుంది. పోర్టులో డ్రెడ్జర్ తవ్వి తీసిన ఇసుకని బీచ్ మీద పోస్తారు. రెండో గడి నింపకుండా ఏ షిఫ్టూ ముగియదు. మన సాహిత్యం మాత్రం మొదటి గడి ఒక్కటే నింపుకుంటూ వచ్చింది. అది అద్భుతంగా నింపింది, కానీ చార్టు సగమే.

రెండో గడిలో ఏం రాయాలి? వీరగాథలొద్దు. "జబ్బుని జయించిన యోధురాలు" అనే వాక్యం చదివితే నాకు నీరసం వస్తుంది. 1941లో హెన్రీ మతీస్‌కి పేగుల ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ఎక్కువగా మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమై, కత్తెరతో రంగు కాగితాలు కత్తిరిస్తూ కొత్త కళ చేశాడు. తనకి రెండో జీవితం దొరికిందన్నాడు. గొప్ప కథే. కానీ అందరం మతీస్‌లం కాదు, కాలేకపోవడం కోలుకోలేకపోవడం కూడా కాదు. ఆపరేషన్ తర్వాత మనిషి గొప్పవాడు కానక్కర్లేదు, మామూలుగా ఉండగలిగితే చాలు. ఆ మామూలుతనాన్ని రాయడం కష్టం. రావిశాస్త్రి రాశాడు, చాసో రాశాడు, వేరే విషయాల మీద.

మన వికలాంగుల చట్టం 2016లో గుర్తించిన 21 రకాల్లో స్టోమా లేదు. చట్టం కన్నా ముందు భాష గుర్తించొచ్చు. అందుకు మహాకావ్యం అక్కర్లేదు. ఏదో ఒక కథలో, కథకి ముఖ్యమైన పాత్ర కూడా కాని ఒకమ్మాయి, ఎవరి జాలీ అడక్కుండా, ఎవరికీ ధైర్యం నేర్పకుండా ఇలా అనుకుంటే చాలు: మధ్యాహ్నం ఉప్పేసి చోడంబలి తాగాను. నాలుగింటికి సంచి ఖాళీ చేశాను. తర్వాత ఎండ తగ్గాక బీచ్‌కి వెళ్ళాను.